వాయె రెబో వెళ్ళాలన్నా, అక్కడి నేల మీద మనసు పడినా

ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి పడమటి భాగాన్ని మంగరాయ్ అంటారు. అక్కడి కొండల నడుమ, దాదాపు 1,100 మీటర్ల ఎత్తున వాయె రెబో అనే ఊరుంది. ఊరంటే ఏడు ఇళ్ళు. ఉత్తరాంధ్ర తీరంలో మన పెద్దలు కట్టుకున్న చుట్టిల్లు గుర్తుందా? దాన్ని నాలుగంతస్తుల మేడంత ఎత్తుకు పెంచి, గడ్డి కప్పును నేలదాకా దించితే ఎలా ఉంటుందో ఆ ఇళ్ళు అలా ఉంటాయి. రోడ్డు లేదు, కొండెక్కి వెళ్ళాల్సిందే.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఇళ్ళు చూడడానికి, రెండోసారి అక్కడివాళ్ళు పొలం ఎలా పంచుకుంటారో తెలుసుకోవడానికి. తిరిగొచ్చాక తెలిసినవాళ్ళంతా రెండే ప్రశ్నలు అడిగారు: ఎలా వెళ్ళాలి, అక్కడ కాస్త జాగా కొనుక్కోవచ్చా? రెండింటికీ జవాబు ఒకచోటే రాస్తున్నాను, ఎందుకంటే రెండూ ఒకే మర్యాద మీద నడుస్తాయి. మంగరాయ్‌లో ఏది కావాలన్నా అడగాల్సిన మనిషి ఒకరుంటారు, అడిగే వరస ఒకటుంటుంది. ఊళ్ళో కాలు పెట్టడానికీ అంతే, నేల దున్నడానికీ అంతే.

ముందు ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ఇండోనేషియా విమానాశ్రయంలో దిగాక వీసా ఇస్తారు. 5,00,000 రుపియాలు, 30 రోజులు. ఒకసారి ఇంకో 30 రోజులకు పొడిగించుకోవచ్చు. బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే లైను తప్పుతుంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, తిరుగు టికెట్టు చేతిలో ఉండాలి. ఇది చూసి రావడానికి ఇచ్చే వీసా. దీని మీద పని చేయకూడదు. ఊళ్ళో పిల్లలకు నాలుగు నెలలు ఇంగ్లీషు చెబుతాను అనుకునే మంచి మనసులకూ ఇదే నియమం, అందుకు వేరే వీసా తీసుకోవాలి.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగానో సింగపూర్ మీదుగానో బాలిలోని దెన్‌పసార్ చేరొచ్చు. బెంగళూరు నుంచి నేరుగా కూడా విమానం ఉంది. దెన్‌పసార్ నుంచి ఫ్లోరెస్ పడమటి కొసనున్న లబువాన్ బాజో పట్నానికి విమానంలో గంటా గంటంబావు. ఫ్లోరెస్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మధ్యలో బాలి చూడాలనుకుంటే విదేశీ యాత్రికులు కట్టాల్సిన 1,50,000 రుపియాల రుసుము ఉంది, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్నారు.

రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. ఇది నా గట్టి మాట. ఫ్లోరెస్ అగ్నిపర్వతాల దీవి. 2024 నవంబరులో తూర్పు కొసనున్న లెవొతోబి లకి-లకి పేలినప్పుడు ఆ బూడిదకు బాలిలో కూడా విమానాలు రద్దయ్యాయి. తిరుగు ప్రయాణం మర్నాడే హైదరాబాద్‌లో ఆఫీసు అని పెట్టుకుంటే కొండ మీద ఉన్నంతసేపూ మనసు గడియారం మీదే ఉంటుంది.

నెలల సంగతి. నవంబరు నుంచి మార్చి దాకా వాన. మే నుంచి సెప్టెంబరు దాకా దారి పొడిగా ఉంటుంది. అయితే పెంతి అనే వాళ్ళ పంటల పండుగ, కొత్త సంవత్సరం, నవంబరు మధ్యలో వస్తుంది. కొరడా, డాలు పట్టుకుని మగవాళ్ళు ఎదురెదురుగా ఆడే చాచి ఆట ఆ రోజుల్లోనే. కింద కొంబో ఊళ్ళో ఉండే చుట్టాలంతా పైకొస్తారు. చూడాలనుంటే వానకూ, రద్దీకీ సిద్ధపడి వెళ్ళండి.

డబ్బు నోట్ల రూపంలో పెట్టుకోండి. ఏటీఎం లబువాన్ బాజోలో, కొండల్లో ఉన్న పట్నం రుతెంగ్‌లో ఉంటుంది, ఆ తర్వాత నమ్ముకోకూడదు. 20,000, 50,000 నోట్లు ఎక్కువగా తీసుకోండి. కొండ కింద కొట్లో లక్ష నోటుకు చిల్లర అడిగితే ఆ కొట్టావిడ పక్కింటికి పరిగెత్తాల్సి వస్తుంది.

దెంగె దాకా

లబువాన్ బాజోలో కారు మాట్లాడుకుంటే, కొండెక్కే ముందు ఆగే ఊరు దెంగెకి అయిదారు గంటలు. దారిలో లెంబోర్ మైదానం వస్తుంది. కనుచూపుమేర వరి. కోనసీమ నుంచి వచ్చినవాళ్ళకి కాసేపు ఇంటి దగ్గరే ఉన్నట్టుంటుంది. అక్కడి నుంచి దక్షిణంగా తిరిగితే రోడ్డు సన్నబడుతుంది, గుంతలు మొదలవుతాయి, ఓ పక్క సముద్రం కనిపిస్తుంది.

ఖర్చు తగ్గాలంటే రుతెంగ్ పట్నం నుంచి ఓతో కోల్ ఎక్కొచ్చు. లారీ వెనక చెక్క బల్లలు వేసిన బండి అది. మనుషులు, బియ్యం బస్తాలు, కోళ్ళు, సిమెంటు అన్నీ కలిసి ప్రయాణం చేస్తాయి. మూడు గంటల పైనే పడుతుంది. టైము పట్టిక మీద ఆధారపడకండి, ముందురోజు సాయంత్రం మీరు దిగిన చోట అడిగి పెట్టుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు కారులోనే వెళ్ళండి.

ఆ రాత్రి దెంగెలో ఆగండి. మధ్యాహ్నం దాటాక వచ్చి చీకట్లో కొండెక్కాలని చూడొద్దు. నేను మొదటిసారి మూడింటికి బయల్దేరాను. దారిలో వాన అందుకుంది, ఆఖరి గంట టార్చి వెలుగులో చేతులు ఆనించుకుంటూ నడిచాను. నాతో వచ్చిన కుర్రాడు నా వెనక చెయ్యి అడ్డం పెట్టి నడవకపోతే ఏమయ్యేదో. ఇళ్ళలో అతిథులకు గదులిస్తారు, పొద్దున్నే అన్నం పెట్టి పంపుతారు. దారి చూపే మనిషిని ఆ ఊరి నుంచే తీసుకోండి. దారి స్పష్టంగానే ఉంటుంది కాబట్టి అక్కర్లేదు అనిపిస్తుంది. కానీ ఆయన దారి ఒక్కటే చూపడు, పైన మిమ్మల్ని పెద్దలకు పరిచయం చేసేదీ, మీ తరఫున మాట్లాడేదీ ఆయనే.

కొండ మీదికి

దెంగె నుంచి వాయె లొంబా వాగు దాకా మోటారు సైకిలు మీద దింపుతారు. అసలు నడక అక్కడి నుంచే. మామూలు నడకకు రెండున్నర, మూడు గంటలు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు నాలుగు గంటలు వేసుకోండి. మొదటి గంట నిటారు. పోచో రోకో అనే చోట చెట్లు విడిపోయి దూరాన సముద్రం కనిపిస్తుంది, ఊపిరి పీల్చుకోవడానికి ఆగే చోటు అదే.

జలగలుంటాయి, వానాకాలంలో మరీ ఎక్కువ. పొడవు మేజోళ్ళు వేసుకుని ప్యాంటు అందులోకి దోపండి. చిన్న పొట్లంలో ఉప్పు పెట్టుకోండి. రెండు లీటర్ల నీళ్ళు, వాన కోటు, రాత్రికి ఉన్ని చొక్కా. ఇండోనేషియా అంటే ఉక్కపోత అనుకుని వెళ్ళినవాళ్ళు పైన వణుకుతారు. మలేరియా ఉన్న ప్రాంతం గనక బయల్దేరే ముందు డాక్టరును అడిగి మందులు తెచ్చుకోండి. ఫ్లోరెస్‌లో పెద్ద జబ్బుకు పట్నానికి దిగాల్సిందే. బీపీ, షుగరు మాత్రలు రోజులకు రెట్టింపు పెట్టుకోండి.

ఊరు కనపడే ముందు చిన్న పాక వస్తుంది. అక్కడ వెదురు గంట ఉంటుంది. మీ వెంట వచ్చిన మనిషి దాన్ని మోగిస్తాడు, కింద ఊళ్ళోవాళ్ళకు అతిథులు వస్తున్నారని తెలుస్తుంది. అక్కడి నుంచి మీకు ఏడు శంకువులూ కనిపిస్తాయి, వాటి గడ్డిలోంచి పొగ లేస్తుంటుంది. ఫోన్ తీయాలనిపిస్తుంది. తీయకండి.

వాయెలుఉ అయ్యేదాకా మీరు ఊళ్ళో లేనట్టే

ఈ ఒక్క విషయం తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. ఊళ్ళో అడుగు పెట్టగానే నేరుగా పెద్ద ఇంటికి, నియాంగ్ గెందాంగ్‌కి వెళ్ళాలి. గెందాంగ్ అంటే డోలు. ఊరి డోళ్ళు ఆ ఇంట్లో ఉంటాయి, అందుకే అది అందరి ఇల్లు. చెప్పులు బయట విడిచి, వంగి లోపలికి వెళ్ళి, చాప మీద కూర్చోండి. ఒక పెద్దాయన మంగరాయ్ భాషలో పూర్వీకులతో మాట్లాడతాడు. వీళ్ళు ఫలానా దూరం నుంచి వచ్చారు, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ, తిరిగి వాళ్ళ ఇంటికి చేరేదాకా కాపాడండి అని. దీన్ని వాయెలుఉ అంటారు. మీ వంతుగా కొద్ది డబ్బు చేతిలో పెట్టాలి, ఎంతన్నది దారిచూపే మనిషి ముందే చెబుతాడు. కవరులో పెట్టి, రెండు చేతులతో ఇవ్వండి.

ఇది అయ్యాకే ఫొటోలు, ఇది అయ్యాకే ఊరంతా తిరగడం. ఊళ్ళోవాళ్ళు చాలామంది కాథలిక్కులు. అయినా తాతముత్తాతలకు చెప్పకుండా ఏదీ చేయరు. రెండూ వాళ్ళకు ఒకదానికొకటి అడ్డం కావు.

ఇళ్ళన్నీ ఒక గుండ్రటి వాకిలి చుట్టూ ఉంటాయి. వాకిలి నడుమ రాళ్ళు పేర్చిన గుండ్రటి గద్దె. దాన్ని చొంపాంగ్ అంటారు. మన ఊళ్ళలో బొడ్రాయి ఎలాగో అలా అనుకోండి. దాని మీదకు ఎక్కకూడదు, కూర్చోకూడదు, సంచి ఆనించకూడదు. ఊరి వాకిట్లో భార్యాభర్తలైనా చేతులు పట్టుకుని తిరగకూడదు. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి.

పిలుపులు నేర్చుకుంటే దగ్గరవుతారు. పెద్దాయన్ని ఎమా అనండి, అంటే నాన్న. పెద్దావిడను ఎందే, అంటే అమ్మ. కుర్రాణ్ణి నానా, అమ్మాయిని ఎనూ. ఎవరి ముందునుంచైనా దాటి వెళ్ళాలంటే కాస్త వంగి, కుడిచెయ్యి కిందికి చాపి 'తాబె' అనండి. మేనమామను అమాంగ్ అంటారు. ఈ మాట దగ్గర మనవాళ్ళకు ఓ ముచ్చట దొరుకుతుంది: మేనమామ కూతుర్ని చేసుకోవడం మంగరాయ్‌లోనూ పాత ఆచారం, తుంగ్కు అంటారు. చర్చి వద్దంటుంది, పెద్దలు వరస గుర్తు చేస్తారు. మా ఊళ్ళో మేనరికాల గురించి చెప్పినప్పుడు పొయ్యి దగ్గరున్న ఆవిడ నవ్వి, అప్పటిదాకా లేని చనువుతో నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఇంట్లో

ఆ ఇంటిని ఎంబారు నియాంగ్ అంటారు. మేకు లేదు. కర్ర, వెదురు, బెత్తం కట్లు, పైన కొండగడ్డి, తాటి జాతి చెట్టు నార. లోపల అయిదు అంతస్తులు. కింది దాంట్లో, లుతూర్‌లో మనుషులు. దానిపైన లోబోలో తిండి గింజలు, సామాన్లు. లెంతార్‌లో విత్తనాలు. లెంపా రాఎలో కరువు వస్తే తినడానికి దాచిన నిల్వ. అన్నిటికంటే పైన హెకాంగ్ కోదెలో పూర్వీకులకు పెట్టే నైవేద్యం. విత్తనానికీ, కరువుకూ వేర్వేరు అటకలున్న ఇల్లు అది. నడుమ పొయ్యి వెలుగుతూ ఉంటుంది. పొగ కళ్ళు మండిస్తుంది కానీ గడ్డికి పురుగు పట్టకుండా కాపాడేది ఆ పొగే. కిటికీ తెరవమని అడగకండి, లేదు.

2008 ప్రాంతంలో ఏడింటిలో నాలుగే మిగిలాయి. ఆర్కిటెక్టు యోరి అంతార్ తన బృందంతో వచ్చి చూసి, దాతల్ని కూడగట్టారు. కట్టింది మాత్రం ఊరివాళ్ళే, పెద్దలు చెబుతుంటే కుర్రాళ్ళు నేర్చుకుంటూ. ఏడూ మళ్ళీ నిలబడ్డాయి. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అత్యున్నత పురస్కారం వచ్చింది. 2013లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు తుది జాబితాకు ఎక్కింది. మీలో ఎవరైనా సివిలు ఇంజినీర్లుంటే ఒక పూట ఆ కట్ల కింద పడుకుని పైకి చూడండి.

అతిథులకు ఒక ఇల్లు కేటాయించారు. గుండ్రంగా చాపలు, దిండ్లు, దుప్పట్లు పరిచి ఉంటాయి. ఎవరెవరో ఒకే కప్పు కింద పడుకుంటారు. కరెంటు సాయంత్రం కొద్ది గంటలే, సిగ్నల్ ఆశించకండి. స్నానాల గదులు వెనక ఉంటాయి, నీళ్ళు మంచు.

తిండి అన్నం, ఆకుకూర, గుమ్మడి, గుడ్డు, ఒక్కోసారి కోడి. శాకాహారులు కింద దెంగెలోనే చెప్పాలి. 'సాయా తిదాక్ మకాన్ దాగింగ్, అయాం, ఇకాన్' అంటే మాంసం, కోడి, చేప తినను అని. 'తన్పా తెరాసి' అని కూడా కలపండి. తెరాసి రొయ్యల ముద్ద, పచ్చడిలో కలిపేస్తారు. ఆవకాయ సీసా తీసుకెళ్తే దాచుకుని తినకండి, చాప మధ్యలో పెట్టండి. కారం వాళ్ళకు కొత్త కాదు. తువాక్ ఇస్తారు, అది కల్లు. మన ఏజెన్సీలో గీసే జీలుగు చెట్టుకు దగ్గరి చుట్టమైన చెట్టు నుంచి వస్తుంది. తాగనివాళ్ళు గిన్నెను కుడిచేత్తో తాకి వెనక్కిస్తే చాలు.

పొలం లెక్క ముందు తెలుసుకోండి

నేల గురించి అడిగే ముందు రుతెంగ్ పక్కనున్న చాంచార్ వెళ్ళి గుట్టెక్కి చూడండి. కింద వరి మళ్ళు సాలెగూడులా ఉంటాయి. అలా ఉండడం అందం కోసం కాదు, అది పంపకం.

అలాంటి గుండ్రటి పొలాన్ని లింగ్‌కో అంటారు. నట్టనడుమ చుక్క లోదొక్. అక్కడ తెనో కొయ్యను పాతి, పూర్వీకులకు బలి ఇచ్చి, దాని చుట్టూ వేళ్ళు పెట్టి కొలుస్తారు. మోసో అంటే వేలు. ఎవరికి ఎన్ని వేళ్ళో తేలాక అక్కడి నుంచి బయటి గట్టు, చిచింగ్, దాకా గీతలు లాగుతారు. నడుమ వేలెడంత వెడల్పున్న ముక్క అంచుకు చేరేసరికి మడి అవుతుంది. పెద్ద హోదా ఉన్నవాళ్ళకు ఎక్కువ వేళ్ళు, చిన్న కుటుంబానికి తక్కువ. ఇదంతా చేసేది తుఆ తెనో, అంటే పొలం పెద్ద. ఊరి పెద్ద తుఆ గోలో వేరు. ప్రభుత్వం తరఫున ఎన్నికైన గ్రామాధ్యక్షుడు, కెపాలా దేసా, ఇంకా వేరు. ఈ ముగ్గురిలో ఎవరు దేనికి బాధ్యులో తెలుసుకోకుండా నేల మాట ఎత్తకూడదు. బయటివాళ్ళు గ్రామాధ్యక్షుడి సంతకంతో పని అయిపోయిందనుకుంటారు, గొడవలు అక్కడే పుడతాయి.

అక్కడి సామెత ఒకటి: గెందాంగ్ ఒనె, లింగ్‌కో పెఆంగ్. లోపల డోలు ఇల్లు, బయట గుండ్రటి పొలం. ఒకటి లేకుండా ఇంకొకటి లేదు. ఊరు అంటే ఏమిటని అడిగితే అయిదు చెబుతారు: పని చేసే పొలం, ఆడుకునే వాకిలి, తోడుకునే నీళ్ళు, ఉండే ఇల్లు, నైవేద్యం పెట్టే గద్దె. ఇందులో పొలాన్ని విడదీసి అమ్మడం అంటే చేతికున్న వేలిని అమ్మడం.

వారసత్వం తండ్రి వైపు నుంచి. కొడుకును లోపలి మనిషి అంటారు, కూతుర్ని బయటి మనిషి అంటారు. 'ఆడ' పిల్ల అని మనవాళ్ళు మాట విరిచి చెప్పినట్టే. అయితే కూతురికి ప్రేమతో ఇచ్చే భూమికి పేరుంది, విదాంగ్. మన పసుపు కుంకుమ భూమి అన్నమాట. ఇక్కడో జాగ్రత్త: విదాంగ్ భూమి మీద అన్నదమ్ముల పిల్లలు తర్వాత తగవుకు రావడం అక్కడా ఉంది. ఎవరైనా 'ఇది మా అమ్మకు వచ్చిన నేల, కౌలుకిస్తాను' అంటే, మేనమామల మాట కూడా విన్నాకే ముందుకు వెళ్ళండి.

నేల మీద నిజంగానే మనసు పడితే

సూటిగా చెబుతాను. విదేశీయుడు ఇండోనేషియాలో పూర్తి హక్కుతో భూమి కొనలేడు. 1960 నాటి 5వ నంబరు భూ చట్టం ప్రకారం హక్ మిలిక్ అనే సొంత హక్కు ఆ దేశ పౌరులకే. ఏజెన్సీలో 1/70 చట్టం తెలిసినవాళ్ళకు ఈ ఆలోచన కొత్త కాదు. పాడేరులో గిరిజనేతరుడు గిరిజనుడి పేర పెట్టి కొన్నది ఎంత చెల్లుతుందో, ఫ్లోరెస్‌లో విదేశీయుడు స్థానికుడి పేర కొన్నదీ అంతే చెల్లుతుంది. అదే చట్టం 26వ సెక్షన్ దాన్ని చెల్లనిదని చెప్పేసింది.

అయినా లబువాన్ బాజోలో 'మా వాడి పేర రాద్దాం, మీకు వేరే అగ్రిమెంటు ఇస్తాం' అనేవాళ్ళు తగులుతారు. నాకు తెలిసిన ఒకాయన ఇండోనేషియాలో ఉద్యోగం చేస్తూ అలాగే చేశాడు. పేరిచ్చిన మనిషి గుండెపోటుతో పోయాడు. అతని పిల్లలకు ఈ సంగతే తెలియదు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ ఆ నేల కాగితం మీద వాళ్ళ నాన్నది. మావాడి దగ్గరున్న అగ్రిమెంటుతో కోర్టుకు వెళ్తే చట్టాన్ని తప్పించడానికి చేసిన పని అని తనే ఒప్పుకున్నట్టవుతుంది. పదకొండేళ్ళ పొదుపు అలా పోయింది.

చట్టం ఒప్పుకునే దారులు ఇవి. కౌలుకు తీసుకోవచ్చు. అక్కడ నివాస అనుమతి ఉన్నవాళ్ళు హక్ పకాయ్ అనే వాడుక హక్కు పొందొచ్చు, 2021 నాటి నియమాల ప్రకారం ఇంటికి 30 ఏళ్ళు, ఆపైన 20, మళ్ళీ 30. విదేశీ పెట్టుబడి కంపెనీ పెడితే కట్టడ హక్కు వస్తుంది, దానికి వెయ్యి కోట్ల రుపియాల పైబడిన పెట్టుబడి ప్రణాళిక చూపాలి. మన డబ్బులో అయిదు కోట్ల పైమాటే. కొండ మీద రెండు గదులు వేసుకోవాలనుకునేవాళ్ళకు ఇది సరిపోయే చొక్కా కాదు.

అక్కడి అమ్మాయినో అబ్బాయినో పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఆస్తులు వేరుగా ఉంటాయని ఒప్పందం రాసుకోకపోతే పెళ్ళయ్యాక కొన్న భూమి ఇద్దరిదీ అవుతుంది. విదేశీ భాగం ఉన్నందువల్ల ఆ ఇండోనేషియా భార్య లేదా భర్త హక్కుకే ఎసరు వస్తుంది. 2015 నాటి 69వ నంబరు కేసులో రాజ్యాంగ న్యాయస్థానం పెళ్ళయ్యాక కూడా ఆ ఒప్పందం రాసుకోవచ్చని తీర్పిచ్చింది. నోటరీ దగ్గర రాయించుకోండి.

పట్నం పక్కన స్థలం కౌలుకు తీసుకునేటప్పుడు మూడు చూడాలి. ఒకటి, సెర్తిఫికాత్, అంటే భూమి హక్కు పత్రం, ఉందా, భూమి కార్యాలయంలో దాని నంబరు సరిపోతోందా. పన్ను రసీదు, గ్రామాధ్యక్షుడి ఉత్తరం సొంత హక్కుకు రుజువు కావు. రెండు, అది అడవి హద్దులో పడుతుందా. మంగరాయ్‌లో అడవి హద్దు తేలికైన మాట కాదు. 2004 మార్చి 10న రుతెంగ్‌లో, కాఫీ తోటలు కోల్పోయిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఆరుగురు చనిపోయారు. రక్తపు బుధవారం అని ఇప్పటికీ అంటారు. ఆచారపు అడవి ప్రభుత్వ అడవి కాదని రాజ్యాంగ న్యాయస్థానం 2013లో చెప్పింది, కానీ ప్రతి కొండ మీదా గీత తేలలేదు. మూడు, ఆ నేల ఏ గెందాంగ్ కిందికి వస్తుంది, అక్కడి తుఆ తెనో ఏమంటాడు.

ఇక వాయె రెబో లాంటి ఊరి నేల విషయం. అక్కడ కొనే మాటే ఎత్తకండి. వేరే ఊరి మంగరాయ్ మనిషి అయినా సరే, కోడిని పట్టుకుని, తువాక్ మోసుకుని తుఆ తెనో దగ్గరికి వెళ్ళి అడగాలి. కపు మనుక్, లెలె తువాక్ అంటారు. పెద్దలంతా గుండ్రంగా కూర్చుని మాట్లాడతారు, ఆ కూర్చోవడానికి లొంతో లెయొక్ అని పేరు. అందరూ సరేనన్నాక దొరికేది దున్నుకునే వాటా. ఊరి పనుల్లో, చావు పెళ్ళిళ్ళలో, పెంతిలో భాగం పంచుకోవడం దానితో పాటే వస్తుంది.

మీ చేతనైనది వేరే ఉంది. ఏటా వెళ్ళండి, ఒకే ఇంటివాళ్ళతో పరిచయం నిలుపుకోండి. వాళ్ళ కాఫీ కొనండి. చాపల మీద ఆరబెట్టిన గింజల్లో అరబికా, రొబుస్తా రెండూ ఉంటాయి. అరకు కాఫీ పొట్లం ఒకటి తీసుకెళ్ళి పక్కపక్కన కాచి తాగి చూడమనండి, ఒక సాయంత్రమంతా మాటలు నడుస్తాయి. ఇంటి కప్పు గడ్డి మార్చే ఏడాది ఎప్పుడో అడిగి, ఆ ఖర్చులో మీ వంతు పెద్దల చేతికే ఇవ్వండి. పిల్లలకు మాత్రం చాక్లెట్లు, డబ్బులు పంచొద్దు, దారిలో చెయ్యి చాపడం అలవాటవుతుంది. బడి వయసు పిల్లలు చాలావరకు కింద కొంబోలో ఉండి చదువుకుంటారు, పుస్తకాలు ఇవ్వాలనుంటే అక్కడి మాస్టార్లను అడిగి ఏవి కావాలో తెలుసుకుని ఇవ్వండి.

వారం పది రోజులు కింది ఊళ్ళలో ఉండాలనుకుంటే, ఇరవై నాలుగు గంటల్లోగా పాస్‌పోర్టు నకలు గ్రామ కార్యాలయంలో ఇప్పించమని ఆ ఇంటివాళ్ళతో చెప్పండి. అతిథులు వస్తే ఇరవై నాలుగు గంటల్లోగా తెలపాలనే బోర్డు ఇండోనేషియాలో చాలా వీధుల మొదట్లో ఉంటుంది. మీరు మర్చిపోతే మాట పడేది వాళ్ళు.

దిగేటప్పుడు

పొద్దున ఏడింటికల్లా బయల్దేరండి, మధ్యాహ్నం వాన తప్పుతుంది. మీ చెత్తంతా, సబ్బు కాగితంతో సహా, మీ సంచిలోనే కిందికి తేవాలి. రాత్రి పడుకున్న ఇంట్లో ఎందేకి చెప్పకుండా మెట్టు దిగకండి. ఆవిడ పొయ్యి దగ్గర ఉంటుంది. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మీ చెయ్యి పట్టుకునేదాకా ఆగండి. నేను రెండోసారి దిగుతున్నప్పుడు పాక దగ్గర వెదురు గంట మోగింది, ఎవరో కొత్తవాళ్ళు ఎక్కి వస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఫోన్ పైకెత్తింది. నా వెంట ఉన్న కుర్రాడు దగ్గరికి వెళ్ళి, 'తాబె' అని, పెద్ద ఇంటి వైపు చూపించాడు. ఆ అమ్మాయి ఫోన్ జేబులో పెట్టుకుంది.